ఫ్లాపీలో రెండ్రోజులు, నెట్‌వర్క్‌లో మూడ్రోజులు

మొన్న మా మేనల్లుడు లిఫ్ట్‌లో ఉండగా ఎవరికో మెసేజ్ టైప్ చేసి పంపేశాడు. సిగ్నల్ లేదు కదరా అన్నా. "ఏం పర్లేదు మామయ్యా, సిగ్నల్ రాగానే అదే వెళ్తుంది" అని ఫోన్ నా వైపు తిప్పాడు, చూస్తే మెసేజ్ పక్కన బుల్లి గడియారం బొమ్మ. అది చూసి నాకు నవ్వొచ్చింది. ఈ గడియారాన్నే నేను ఒకప్పుడు ఫ్లాపీ డిస్క్‌లో వేసుకుని జేబులో పెట్టుకుని రెండేసి రోజులు తిరిగేవాణ్ణిరా అంటే వాడికి ముక్క అర్థం కాలేదు. ఈలోపు లిఫ్ట్ ఆగింది, మెసేజ్ వెళ్ళిపోయింది, వాడూ వెళ్ళిపోయాడు. వాడికి చెప్పాలనుకున్నదంతా ఇలా రాసుకుంటున్నా.

నేను చెప్పేది 1993, 94 నాటి సంగతి. అప్పుడు మాకున్నది బీబీఎస్‌లు, అంటే బులెటిన్ బోర్డ్ సిస్టమ్‌లు. తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పాలంటే, ఎవరో ఒకాయన తన ఇంట్లో ఒక పీసీ పెట్టి, దానికో మోడెమ్ (ఫోన్ లైన్ మీద కంప్యూటర్లు మాట్లాడుకోడానికి పెట్టే పెట్టె) తగిలించి, ఒక ఫోన్ లైన్ దానికి రాసిచ్చేస్తాడు, మనం మన మోడెమ్‌తో ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే ఆ పీసీ ఎత్తుతుంది, అందులో మెసేజ్‌లు చదువుకోవచ్చు, రాయొచ్చు, ఫైళ్ళు దించుకోవచ్చు. ఆయన్ని సిసాప్ అనేవాళ్ళు. మొట్టమొదటిది 1978 ఫిబ్రవరి 16న షికాగోలో మొదలైంది, వార్డ్ క్రిస్టెన్సన్, రాండీ స్యూస్ అని ఇద్దరు, మంచు తుఫానుకి ఇంట్లో ఇరుక్కుపోయిన రోజుల్లో పని మొదలెట్టి కట్టేశారట. ఒక్క లైన్ మీద ఒక్కడే. నువ్వు లోపలుంటే మిగతా ఊరంతటికీ ఎంగేజ్ టోనే.

నా దగ్గర కంప్యూటర్ ఉండేది గానీ మోడెమ్ లేదు. మోడెమ్ మా బాబాయి దగ్గరుండేది, ఆఫీస్ ఫైళ్ళు పంపుకోడానికి కొనుక్కున్న 2400 మోడెమ్. ఆ 2400 అంటే సెకనుకి ఉజ్జాయింపుగా 240 అక్షరాలు. స్క్రీన్ మీద అక్షరాలు పాకుతూ రావడం కళ్ళతో చూడొచ్చు, ఒక పేజీ నిండే లోపల సగం చదివేయొచ్చు కూడా. రోజు మార్చి రోజు సాయంత్రం బాబాయి ఇంటికెళ్ళి, ఆయన పని అయ్యాక ఆ కుర్చీ నాది.

మొదట్లో అన్నీ లైన్ మీదే చదివేవాణ్ణి. లోపలికెళ్ళగానే బోర్డ్ చెప్పేది, ఈ రోజు నీకు 45 నిమిషాలు అని. పైన ఓ మూల ఆ లెక్క తగ్గుతూ ఉండేది. చదువుతున్నానో, ఆ అంకె వైపు చూస్తున్నానో నాకే తెలిసేది కాదు. ఎవరైనా మంచి పెద్ద మెసేజ్ రాస్తే సంతోషం పోయి కోపం వచ్చేది, ఇంత పొడుగ్గా రాశాడేంట్రా అని. జవాబు రాద్దామంటే ఆ బోర్డ్ ఎడిటర్‌లో ఒక లైన్ దాటి కిందికొచ్చాక పైకి వెళ్ళి దిద్దడం ఒక పెద్ద ప్రహసనం, లైన్ నంబర్ కొట్టాలి, పాత మాట కొట్టాలి, కొత్త మాట కొట్టాలి. అందుకే అందరూ పొడి పొడిగా రాసేవాళ్ళు. "అవును." "నాకూ అంతే." మధ్యలో బాబాయి గుమ్మంలోంచి "ఒరేయ్, ఇంక ఆ ఫోన్ వదలరా, ఎవరైనా చేస్తున్నారేమో" అని రెండు సార్లు, మూడోసారి పిన్ని పక్క గదిలో ఫోన్ ఎత్తేసేది. ఎత్తగానే స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులు, ఆ తర్వాత నో క్యారియర్, అంటే లైన్ తెగిపోయినట్టే. అయిపోయింది ఆ రోజుకి.

ఒకరోజు మెసేజ్ చదువుతుంటే స్క్రీన్ ఉన్నట్టుండి ఖాళీ అయిపోయి, అక్షరం తర్వాత అక్షరం దానంతటదే రావడం మొదలైంది. దడుచుకున్నా. సిసాప్ గారు చాట్‌లోకి వచ్చారన్నమాట, అప్పటిదాకా ఆయన తన స్క్రీన్ మీద నేను చదివేదంతా చూస్తున్నారు. "మీరు రోజూ టైమ్ అయిపోయి మధ్యలో పడిపోతున్నారు, ఆఫ్‌లైన్ రీడర్ ఎందుకు వాడరు?" అని టైప్ చేశారు. అదేంటో తెలీదండీ అన్నాను. ఆయన టైపింగ్‌లో తప్పులు వస్తే వెనక్కి కొట్టి దిద్దడం కూడా కనిపించేది, ఒక మనిషి ఆలోచిస్తుంటే ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టు. పది నిమిషాలు ఓపిగ్గా చెప్పారు. ఆ పది నిమిషాలు నా టైమ్‌లోంచి తీయలేదు కూడా.

ఆయన చెప్పిన పద్ధతి ఇదీ. బోర్డ్‌లో మెయిల్ డోర్ అని ఒకటుంటుంది. అందులోకి వెళ్ళి నాకు ఏయే కాన్ఫరెన్స్‌లు, అంటే ఏయే విషయాల మీద మాట్లాడుకునే విభాగాలు, కావాలో ఒక్కసారి టిక్ పెట్టుకుంటే చాలు. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, నేను చివరిసారి తీసుకెళ్ళిన మెసేజ్ ఏదో అది గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత వచ్చినవన్నీ ఒక మూటగా కట్టి, జిప్ చేసి, ఇదిగో తీసుకెళ్ళు అంటుంది. ఆ మూటే క్యూడబ్ల్యూకే ప్యాకెట్. 1987లో మార్క్ హెరింగ్ అనే ఆయన పీసీబోర్డ్ అనే సాఫ్ట్‌వేర్ కోసం తయారుచేసిన పద్ధతి, తర్వాత దాదాపు అన్ని బోర్డులూ ఎత్తుకున్నాయి. మూట దించుకో, ఫోన్ పెట్టెయ్, తీరిగ్గా చదువుకో, జవాబులు రాసుకో, అవన్నీ ఇంకో మూట అవుతాయి, దాని పేరు రెప్, ఈసారి ఫోన్ చేసినప్పుడు ముందు రెప్ ఎక్కించు, తర్వాత కొత్త మూట దించుకో.

నా మొదటి ప్యాకెట్ దించిన రోజు లెక్కేశాను. దాదాపు రెండొందల మెసేజ్‌లు, విప్పితే మూడొందల కిలోబైట్లు, జిప్ చేస్తే నూట ఇరవై. లైన్ మీద అయితే ఆ మూడొందల కిలోబైట్లు స్క్రీన్ మీద పాకడానికే ఇరవై నిమిషాలు దాటుతుంది, చదవడం, రాయడం వేరే. మూటగా ఎనిమిది తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. ఫోన్ పెట్టేస్తే బాబాయి లేచొచ్చి చూశారు, ఏమైంది, లైన్ పోయిందా అని. లేదు బాబాయ్ అయిపోయింది అంటే నమ్మలేదు.

పిన్ని ఫోన్ ఎత్తే ప్రమాదం మాత్రం తగ్గలేదు. తొంభై శాతం దగ్గర తెగిపోతే ఏడుపొచ్చేది. ఫైళ్ళు దించుకునే పద్ధతుల్లో జెడ్‌మోడెమ్ అనేదాంట్లో ఆగినచోట నుంచి అందుకునే సౌకర్యం ఉంది నిజమే, కానీ మళ్ళీ ఫోన్ చేస్తే డోర్ మూట మళ్ళీ మొదట్నుంచి కట్టేది, ఈలోపు ఇంకో పది మెసేజ్‌లు వచ్చి చేరేవి, కాబట్టి పాత ముక్క దేనికీ అతికేది కాదు.

ఫ్లాపీ జేబులో పెట్టుకుని మా ఇంటికొచ్చి, తలుపేసుకుని, రీడర్‌లో ఆ ప్యాకెట్ తెరిచేవాణ్ణి. నేను వాడింది బ్లూ వేవ్, దానికి ముందు కొన్నాళ్ళు సిల్లీ లిటిల్ మెయిల్ రీడర్, పేరే అది, నిజంగానే చిన్నది, నిజంగానే బాగుండేది. ఆ సుఖం ఎలా చెప్పాలి. ఏ మూలా అంకె తగ్గట్లేదు. ఎవరూ ఫోన్ అడగట్లేదు. ఒక మెసేజ్ రెండుసార్లు చదవొచ్చు, లేచి నీళ్ళు తాగొచ్చి మూడోసారి చదవొచ్చు. రాసినది నచ్చకపోతే చెరిపి మళ్ళీ రాయొచ్చు. నేను నా జీవితంలో మొదటిసారి పేరాగ్రాఫ్‌లు రాసింది అక్కడే. స్కూల్లో రాసినవి లెక్క కాదు, అవి ఎవరూ చదవలేదు.

ఇంకో చిన్న సరదా ట్యాగ్‌లైన్. మెసేజ్ చివర మూడు చుక్కలు పెట్టి ఒక్క లైన్ జోక్. రీడర్‌లో ఒక లిస్ట్ ఉండేది, ఎవరిదైనా బాగుంటే ఒక్క కీ నొక్కితే మన లిస్ట్‌లోకి వచ్చేసేది, దొంగిలించడం అనే అనేవాళ్ళు దాన్ని, ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. నా దగ్గర ఏడెనిమిది వందలు పోగయ్యాయి. లైన్ మీద చదివేవాళ్ళ మెసేజ్‌లకి ఇవి ఉండేవి కాదు, కాబట్టి చివర జోక్ ఉందంటే వీడు మనలాగా మూట కట్టుకెళ్ళే బాపతే అని తెలిసిపోయేది.

ఆ మూట లోపల ఏముందో విప్పి చూసే పిచ్చి కూడా పట్టుకుంది. ఎప్పుడో నిర్ణయించేసిన కొలతలు. మొత్తం మెసేజ్‌లన్నీ ఒకే ఫైల్, 128 బైట్ల గళ్ళు గళ్ళుగా. ప్రతి మెసేజ్‌కీ మొదటి గడి దాని కవరు: ఎవరికి, ఎవరి నుంచి, సబ్జెక్ట్, తేదీ, ఏ కాన్ఫరెన్స్. మిగతా గళ్ళలో విషయం, చివరి గడి నిండకపోతే ఖాళీ స్పేస్‌లతో నింపేస్తారు. పేరుకి 25 అక్షరాలు, సబ్జెక్ట్‌కి 25 అక్షరాలు, అంతకు మించి చోటు లేదు. లైన్ అయిపోయిందని చెప్పడానికి 227 నంబర్ గుర్తు, మామూలు పీసీలో చూస్తే లెక్కల్లో వాడే పై గుర్తులా కనిపించేది, అందుకని విప్పిన ఫైల్‌ని ఊరికే తెరిస్తే మాటల మధ్య అంతా పైలే పైలు. రష్యన్ వాళ్ళు డాస్‌లో వాడే అక్షరాల పట్టికలో అదే 227 వాళ్ళ 'ఉ' అక్షరమట, ఎన్ని తిప్పలు పడ్డారో పాపం.

ఇక్కడిదాకా బానే ఉంది. నా బుర్రలో ఒక పెద్ద తప్పు ఆలోచన ఉండిపోయింది, అది చాలా నెలలు ఉంది. దూరపు ఊళ్ళ వాళ్ళ మెసేజ్‌లు నా ప్యాకెట్‌లో వస్తున్నాయి కదా, అంటే ఈ ప్యాకెట్ వల్లే వస్తున్నాయి అనుకున్నా. ప్యాకెట్టే నెట్‌వర్క్ అనుకున్నా. ఆఫ్‌లైన్ రీడర్ వాడనివాళ్ళకి ఆ దూరపు మెసేజ్‌లు కనపడవేమో అని కూడా అనుకున్నా, కొంచెం గర్వంగా.

అది తప్పని ఎలా తెలిసిందంటే, ఓసారి బాబాయి వాళ్ళు ఊళ్ళో లేరు, తాళం నాకిచ్చారు, నేను వేళకాని వేళ ఫోన్ చేశాను. అవతల మోడెమ్ ఎత్తింది, కూత కొత్తగా ఉంది, స్క్రీన్ మీద రెండు లైన్లు వచ్చాయి, ఇది మెయిల్ వేళ, మనుషులు తర్వాత రండి అన్నట్టు, టక్కున పెట్టేసింది. నాకు చిన్నతనం అనిపించింది. మనుషులు తర్వాత రావడమేంటి, మరి ఇప్పుడెవరొస్తారు? తర్వాత సిసాప్ గారిని అడిగితే ఫిడోనెట్ గురించి చెప్పారు. 1984లో టామ్ జెన్నింగ్స్ అనే ఆయన మొదలెట్టింది. రోజులో ఒక గంట, జోన్‌కో గంట, ఆ నెట్‌వర్క్‌లో ఉన్న బోర్డులన్నీ మనుషుల్ని బయట పెట్టేసి ఒకదానికొకటి ఫోన్ చేసుకుంటాయి. ప్రతి బోర్డ్‌కీ ఒక అడ్రస్: జోన్, అందులో నెట్, అందులో నోడ్, నోడ్ అంటే ఆ బోర్డే. ప్రతి వారం ఆ అడ్రస్‌ల పుస్తకం కొత్తది వస్తుంది. ఎవరూ జీతం తీసుకోరు, ఫోన్ బిల్లులు ఎవరివి వాళ్ళవే.

అప్పుడు వెలిగింది. ఆఫ్‌లైన్ రీడింగ్ అనేది నాకూ బోర్డుకీ మధ్య సంగతి. నెట్‌వర్క్ అనేది బోర్డుకీ బోర్డుకీ మధ్య సంగతి. దీనికీ దానికీ అసలు సంబంధం లేదు. మూటలు కట్టుకెళ్ళే డోర్ ఉండి నెట్‌వర్క్ లేని బోర్డులున్నాయి, అక్కడ ప్యాకెట్ దించుకుంటే అందులో ఉండేది ఆ బోర్డ్‌కి వచ్చే నలభై మంది మాటలే. నెట్‌వర్క్ ఉండి డోర్ లేని బోర్డులూ ఉన్నాయి, అక్కడ ప్రపంచమంతా కనిపిస్తుంది గానీ అంకె తగ్గుతూ ఉండగా చదువుకోవాలి. రెండిట్లోనూ మూట కట్టడం, ఫోన్ చేయడం, మూట విప్పడం ఉన్నాయి, అందుకే ఒకటే అనిపిస్తుంది. నాకొక్కడికే కాదు, పాతకాపులు కూడా మాటల్లో కలిపేసేవాళ్ళు.

ఫిడోనెట్‌లో రెండు రకాలు. నెట్‌మెయిల్ అంటే ఒక మనిషికి ఒక మనిషి. ఎకో అంటే అందరూ చదివే కాన్ఫరెన్స్, 1986 ప్రాంతంలో జెఫ్ రష్ అనే ఆయన మొదలెట్టింది, ఒక బోర్డ్‌లో రాస్తే ఆ ఎకో తీసుకునే ప్రతి బోర్డ్‌లోనూ దాని కాపీ పడుతుంది. కొండల్లో కేకేస్తే తిరిగొచ్చినట్టు, పేరు బాగా పెట్టారు. మా బోర్డ్ హబ్‌కి, అంటే చుట్టుపక్కల బోర్డుల మెయిల్ పోగేసి పంచే బోర్డ్‌కి, ఇస్తుంది, హబ్ పై హబ్‌కి, అక్కణ్ణుంచి వేరే వాళ్ళకి, ఒక్కో మజిలీలో ఒక్కో రాత్రి పట్టొచ్చు. మెసేజ్ అడుగున సీన్‌బై అని, పాత్ అని నంబర్ల లైన్లు ఉండేవి, మామూలుగా దాచేస్తారు, మా బోర్డ్‌లో దాచకుండా కూడా తీసుకోవచ్చు, నేను కావాలని పెట్టించుకున్నా. ఆ పాత్ లైన్ చూసి ఈ మెసేజ్ ఐదు చేతులు మారి వచ్చింది, ఇది ఏడు అని లెక్కపెట్టుకునేవాణ్ణి. ఉత్తరం కంటే కవరు మీద ముద్రలు చూసుకునే రకం నేను.

దారులు వేరు వేరు కావడం వల్ల జవాబు ముందొచ్చి ప్రశ్న తర్వాత రావడం మామూలే. ఒకాయన "లేదండీ, అది కాదు, మీరు చెప్పింది రెండో కేబుల్ గురించి" అని రాస్తాడు, మొదటి కేబుల్ ఏంటో, ఎవరు చెప్పారో మనకి ఎల్లుండి తెలుస్తుంది. అందుకే అందరూ ముందు మెసేజ్‌లోంచి రెండు మూడు లైన్లు ఎత్తి, పక్కన ఆ మనిషి ఇనీషియల్స్ పెట్టి, కింద జవాబు రాసేవాళ్ళు. అది మర్యాద కాదు, అవసరం. చదివేవాడి దగ్గర ఆ పాత మెసేజ్ ఉండకపోవచ్చు. ఒకటి ఇంకా దారి మధ్యలో ఉండొచ్చు, లేదా నాబోటిగాడైతే అది మొన్నటి ప్యాకెట్‌లో ఉంటుంది, ఆ ప్యాకెట్ చెరిపేసి అదే ఫ్లాపీలో ఇవాళ్టిది ఎక్కించుకొచ్చుంటాడు.

ఇప్పుడు రెండు ఆలస్యాలూ కలపండి. నేను రాసిన జవాబు ఫ్లాపీలో రెండ్రోజులు. బోర్డ్‌లోకి ఎక్కాక నెట్‌వర్క్‌లో ఇంకో రెండు మూడ్రోజులు. జవాబు తిరిగి రావడానికి మళ్ళీ అంతే. కానీ ఈ రెండు ఆలస్యాలూ ఒక రకం కాదు. ఫ్లాపీలో ఉన్నంతసేపూ మెసేజ్ నాదే. ఒకసారి ఒకాయన నా ప్రోగ్రామ్‌ని చిన్నపిల్లల పని అన్నాడు, నేను రాత్రి కూర్చుని స్క్రీన్ నిండా తిట్టాను, పొద్దున చదివి సగం తీసేశాను, సాయంత్రం ఇంకో సగం తీసేశాను, బాబాయి ఇంటికెళ్ళే వేళకి మిగిలింది "మీరు చెప్పిన బగ్ సరిచేశానండీ" అని ఒక్క ముక్క. నిజానికి బగ్ ఉంది కూడా. అదే లైన్ మీద ఉండగా చదివుంటే? ఎంటర్ కొట్టేసేవాణ్ణి, ఆ అర్ధరాత్రి అది హబ్‌కి వెళ్ళిపోయేది, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా దాన్ని వెనక్కి తేలేడు. మా సిసాప్ గారు మా బోర్డ్‌లో చెరపగలరు, అంతే. మిగతా వందల బోర్డుల్లో అది అలాగే ఉంటుంది.

ఓసారి రెప్ ఎక్కించానో లేదో మర్చిపోయి అదే రెప్ మళ్ళీ ఎక్కించాను. తొమ్మిది మెసేజ్‌లు రెండేసి సార్లు. నెట్‌వర్క్‌లో ఒకే మెసేజ్ రెండు దారుల్లో వస్తే పట్టుకోడానికి ప్రతిదానికీ ఒక గుర్తింపు నంబర్ ఉంటుంది, కానీ మా బోర్డ్ నా రెండో విడతకి కొత్త నంబర్లు వేసేసింది, కాబట్టి అవతలివాళ్ళకి అవి వేరే కొత్త మెసేజ్‌లే. వారం రోజులు మందలింపులు వస్తూనే ఉన్నాయి, అదీ దూరాన్ని బట్టి వరస తప్పకుండా, దగ్గరివాళ్ళు ముందు, దూరం వాళ్ళు తర్వాత.

రెండు పద్ధతులూ ఒకదాంట్లో ఒకటి సరిగ్గా ఇమడలేదు కూడా. ఫిడోలో సబ్జెక్ట్‌కి డెబ్బై అక్షరాలదాకా చోటు, క్యూడబ్ల్యూకేలో 25. పొడుగు సబ్జెక్ట్ నా ప్యాకెట్‌లోకి వచ్చేసరికి తోక తెగిపోయేది, నేను జవాబిస్తే ఆ తెగిన సబ్జెక్ట్‌తోనే వెళ్ళేది, అవతల సబ్జెక్ట్ చూసి వరసలు పేర్చుకునేవాళ్ళకి నేనేదో కొత్త విషయం ఎత్తినట్టు కనిపించేది. నెట్‌మెయిల్ ఇంకా అన్యాయం, ఆ కవరు మీద ఫిడో అడ్రస్ రాయడానికి గడే లేదు. బ్లూ వేవ్ వాళ్ళ సొంత మూట పద్ధతిలో ఆ గడి పెట్టారు, నేను దానికి మారడానికి అదీ ఒక కారణం.

తమాషా ఏంటంటే మా బోర్డ్‌లోనే ఇంకో చిన్న నెట్‌వర్క్ ఉండేది, దాన్ని నడిపింది ఈ క్యూడబ్ల్యూకే మూటలతోనే. అంటే మా బోర్డ్ రాత్రిపూట హబ్ బోర్డ్‌కి మామూలు యూజర్‌లాగే ఫోన్ చేసి, పాస్‌వర్డ్ కొట్టి, రెప్ ఎక్కించి, కొత్త మూట దించుకుని, ఫోన్ పెట్టేసేది. నేను బాబాయి ఇంట్లో చేసేదే. అటు ఫిడోలోనేమో పాయింట్ అని ఒకటుండేది, ఒక మామూలు మనిషి తన ఇంట్లో బుల్లి నోడ్ పెట్టుకుని, తను మెయిల్ తెచ్చుకునే బోర్డ్ అడ్రస్ చివర చుక్క పెట్టి ఒక నంబర్ తగిలించుకుని, బోర్డులు మాట్లాడే భాషలోనే మెయిల్ తెచ్చుకుని తీరిగ్గా చదువుకోవచ్చు. నాకు వేరువేరని తెలిశాక ఇవి రెండూ చూసి మళ్ళీ బుర్ర తిరిగింది, ఇక్కడ యూజర్ బోర్డ్ అవుతున్నాడు, అక్కడ బోర్డ్ యూజర్ అవుతోంది. పాయింట్ పెట్టుకోవాలని నాకు చాలా ఉండేది. ఇంట్లో మోడెమ్ ఉంటే కదా.

1994 జూలై. షూమేకర్ లెవీ 9 తోకచుక్క ముక్కలైపోయి, ఆ ముక్కలు 16వ తేదీ నుంచి 22 దాకా వరసగా గురుగ్రహం మీద పడ్డాయి. ఖగోళం ఎకోలో ఇసకేస్తే రాలనట్టు మెసేజ్‌లు. నా ప్యాకెట్ సైజు రెండింతలైంది. పడిన చోటల్లా గురుగ్రహం మీద నల్ల మచ్చలు, చిన్న టెలిస్కోప్‌కి కూడా కనిపించేవి, నేనూ చూశాను. చూసిన ఆనందంలో ఇంటికొచ్చి జవాబు రాశాను. కోట్ చేయలేదు, ఆ వారం ఆ ఎకోలో అందరూ మాట్లాడేది అదొక్కటే కదా, మళ్ళీ ఎవరు చెప్పారు, దేని గురించి అని ఎందుకు అనుకున్నా. సబ్జెక్ట్ "రెండు మచ్చలు". విషయం: "నాది చిన్న టెలిస్కోపే. అయినా అంచు దగ్గర రెండు నల్ల మచ్చలు చాలా స్పష్టంగా ఉన్నాయి. ఇంకా రావచ్చు."

ఫ్లాపీ జేబులో పెట్టుకున్నా. ఆ రెండ్రోజుల్లో సిసాప్ గారు బోర్డ్ సర్దారు. చచ్చిపోయిన కాన్ఫరెన్స్‌లు తీసేసి, మిగిలినవాటికి మళ్ళీ ఒకటి నుంచి నంబర్లు వేశారు. నోటీస్ కూడా పెట్టారు, పాపం, పాత రెప్‌లు ఎక్కించకండి, ముందు కొత్త ప్యాకెట్ దించుకోండి అని. ఆ నోటీస్ నాకెలా తెలుస్తుంది? ప్యాకెట్‌లో వస్తుంది. ప్యాకెట్ ఎప్పుడు దించుకుంటా? రెప్ ఎక్కించాక. రెప్ ఎక్కించిన పావుగంటకి ఆ నోటీస్ నా ఫ్లాపీలో ఉంది.

రెప్‌లో మెసేజ్ కవరు మీద ఉండేది కాన్ఫరెన్స్ నంబరే, పేరు కాదు. నాకూ బోర్డుకీ మధ్య ఆ నంబరే ఒప్పందం. 14 అంటే 14. నిన్నటిదాకా 14 ఖగోళం, ఇవాళ 14 అమ్మకాలు కొనుగోళ్ళు. బోర్డులు మాట్లాడుకునే మూటల్లో అలా కాదు, ప్రతి ఎకో మెసేజ్ పైన ఆ ఎకో పేరే ఉంటుంది, ఎవరి బోర్డ్‌లో దానికి ఏ నంబరున్నా పేరు మారదు. కాబట్టి నా మెసేజ్ మా బోర్డ్ దాకా తప్పుగా వెళ్ళి, అక్కణ్ణుంచి అమ్మకాల ఎకో పేరు తగిలించుకుని, నెట్‌వర్క్ మొత్తం మీద ఒక్క తప్పు కూడా లేకుండా, శుభ్రంగా, ప్రతి బోర్డ్‌కీ చేరింది.

ఐదో రోజు ప్యాకెట్‌లో నా పేరు మీద మూడు మెసేజ్‌లున్నాయని రీడర్ చూపించింది. ఖగోళం వాళ్ళు మెచ్చుకుని ఉంటారని తెరిచా. మొదటిది ఆ ఎకో మోడరేటర్, ధర, ఊరు రాయకుండా ఇక్కడ ప్రకటన పెట్టకూడదని. రెండోది ఎవరో, మచ్చలున్నాయని ముందే నిజాయితీగా చెప్పినందుకు మెచ్చుకుంటూ. మూడోది పాత్ లైన్ ప్రకారం ఆరు చేతులు మారి వచ్చింది: "మచ్చలు లెన్స్ మీదా, అద్దం మీదా? తుడిస్తే పోతాయా? ఇంకా రావచ్చు అన్నారు, ఎందుకొస్తున్నాయో చూపించుకున్నారా? పోయేవైతే ఎంతకిస్తారు?"

ఈసారి ఆయన రాసిన నాలుగు లైన్లూ బుద్ధిగా కోట్ చేశా. కింద "తుడిస్తే పోవండీ, వాటంతటవే పోవడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, అవి గురుగ్రహం మీదున్నాయి" అని రాసి, కాన్ఫరెన్స్ నంబర్ రెండుసార్లు చూసుకుని, ఫ్లాపీ జేబులో వేసుకున్నా. బాబాయి ఇంటికెళ్ళడానికి ఇంకా రెండ్రోజులుంది.